సిగరెట్టును మాత్రమే లెక్కపెడితే ఎవరు తప్పిపోతారు? పొగాకు వాడకంలో సామాజిక తేడాల గురించి

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. మీ వైద్య కళాశాల తరఫున చుట్టుపక్కల వార్డుల్లోనూ కొన్ని గ్రామాల్లోనూ ఇంటింటి సర్వే చేశారు. సిగరెట్టు తాగేవారు మీరు అనుకున్నదానికంటే బాగా తక్కువగా తేలారు, స్త్రీలలో దాదాపు ఎవరూ లేరు. ఈ ఫలితాన్ని బట్టి ఆ ప్రాంతంలో పొగాకు సమస్య తగ్గుముఖం పట్టిందని నివేదికలో రాయవచ్చా, చదువు, ఆదాయం, వయసు, స్త్రీపురుష భేదాలను బట్టి కనిపించే తేడాలను ఎలా విశ్లేషించాలి అని అడిగారు. సామాజిక దంతవైద్య విభాగంలో చాలాకాలం ఇలాంటి సర్వేలు చేసినవాడిగా చెబుతున్నాను: మీ దగ్గరున్న సమాచారంతో ఆ మాట రాయకూడదు. మీరు లెక్కించింది పొగాకును కాదు, ఒక తరగతి మగవాళ్ళు వాడే ఒక సరుకును మాత్రమే.

పొగాకు మీద మనం చదివే పరిశోధనా వ్యాసాలలో ఎక్కువ భాగం అమెరికా, ఐరోపా దేశాల నుంచి వచ్చినవి. అక్కడ సిగరెట్టు ప్రధానమైన సరుకు, మిగిలినవన్నీ దాని తరువాత వచ్చి చేరినవి. అందుకే అక్కడి ప్రశ్నావళి సిగరెట్టుతో మొదలై, ఆపైన ఈ-సిగరెట్టు, సిగారు, హుక్కా వంటివాటిని ‘ఇతర ఉత్పత్తులు’ అనే గదిలో పెడుతుంది. మన దేశంలో వరుస తలకిందులుగా ఉంటుంది. 2016-17లో జరిగిన రెండవ ప్రపంచ వయోజన పొగాకు సర్వే, అంటే మనమంతా గ్యాట్స్ అని పిలుచుకునేది, దేశవ్యాప్తంగా 74,037 మందిని ప్రశ్నించింది. దాని ప్రకారం 15 ఏళ్ళు దాటినవారిలో ఏదో ఒక రూపంలో పొగాకు వాడేవారు 28.6 శాతం. ఖైనీ (సున్నంతో నలిపి పెదవి కింద పెట్టుకునే పొగాకు) వాడేవారు 11.2 శాతం, బీడీ తాగేవారు 7.7 శాతం, గుట్కా నమిలేవారు 6.8 శాతం కాగా సిగరెట్టు తాగేవారు 4 శాతం మాత్రమే. అంటే పొగాకు వాడేవారు ఏడుగురు ఉంటే వారిలో సిగరెట్టు తాగేవారు ఒక్కరు. మిగిలిన ఆరుగురిని ‘ఇతరములు’ అనే ఒకే గడిలో కుదించిన ప్రశ్నావళితో ఏ తేడానూ సరిగ్గా కొలవలేము.

స్త్రీపురుషుల విషయంలో ఈ పొరపాటు మరింత పెద్దదవుతుంది. అదే సర్వేలో పొగ తాగే పురుషులు 19 శాతం, స్త్రీలు 2 శాతం. ఇంతవరకే చూస్తే ఇది పూర్తిగా మగవాళ్ళ వ్యసనమని తేల్చవచ్చు. కానీ పొగ రాని పొగాకును కలిపి చూస్తే పురుషులలో 29.6 శాతం, స్త్రీలలో 12.8 శాతం దాన్ని వాడుతున్నారు. పొగ తాగడంలో తొమ్మిది పది రెట్లున్న తేడా ఇక్కడికి వచ్చేసరికి రెండు రెట్ల పైచిలుకుకు పడిపోతుంది. దీనికి కారణం ఊహించడం కష్టం కాదు. స్త్రీ నలుగురిలో పొగ వదలడాన్ని సమాజం తప్పుపడుతుంది. ఆకు, వక్కతో పాటు ఒక పొగాకు కాడ బుగ్గన పెట్టుకుంటే ఎవరూ తప్పుపట్టరు, చాలా ఇళ్ళలో పెద్ద ముత్తైదువల అలవాటుగా దానికి గౌరవం కూడా ఉంది. కాల్చిన పొగాకు పొడిని పళ్ళకు రుద్దుకునే అలవాటు సంగతీ అంతే. మహారాష్ట్రలో మిశ్రీ, ఉత్తరాదిన గుల్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌లలో గుడాకు ఇలా వాడతారు. ఆ స్త్రీలను ‘మీరు పొగాకు వాడతారా’ అని అడిగితే చాలామంది లేదనే చెబుతారు, ఎందుకంటే వారి దృష్టిలో అది పళ్ళపొడి.

ఇక మన రెండు రాష్ట్రాల సంగతి. గ్యాట్స్ రెండవ విడతలో ఆంధ్రప్రదేశ్‌లో పొగాకు వాడేవారు 20 శాతం, తెలంగాణలో 17.8 శాతం. రెండు అంకెలూ జాతీయ సగటు కంటే తక్కువే, ఒకదానికొకటి దగ్గరగానే ఉన్నాయి. కానీ లోపలికి వెళ్తే రెండూ రెండు వేర్వేరు చిత్రాలు. ఆంధ్రప్రదేశ్‌లో పొగ తాగేవారు 14.2 శాతం, పొగ రాని పొగాకు వాడేవారు 7.1 శాతం. తెలంగాణలో పొగ తాగేవారు 8.3 శాతమే, పొగ రాని పొగాకు వాడేవారు 10.1 శాతం. కోస్తాలో చుట్టకు, బీడీకి, సిగరెట్టుకు ఉన్న పట్టు, హైదరాబాదు చుట్టుపక్కల జర్దా పాన్‌కు, గుట్కాకు, తంబాకుకు ఉన్న పట్టు ఈ అంకెలలో కనిపిస్తాయి. మొత్తం శాతాన్ని మాత్రమే పక్కపక్కన పెట్టి రెండు రాష్ట్రాలూ ఒకటేనని రాసే నివేదికలను చాలా చూశాను. అక్కడ అవసరమయ్యే వైద్యం, ప్రచారం, నోటి పరీక్షలు వేర్వేరుగా ఉండాలని ఆ నివేదికలు చదివినవారికి తోచదు.

ఇంకొక చిన్న సంగతి: 14.2కు 7.1 కలిపితే 21.3 వస్తుంది, కానీ మొత్తం 20 మాత్రమే. ఆ మిగిలిన 1.3 శాతం మంది రెండింటినీ వాడేవారు. దేశం మొత్తం మీద ఇలాంటివారు మూడున్నర శాతానికి దగ్గరగా ఉన్నారు. విద్యార్థుల పట్టికలలో ఉత్పత్తులవారీ శాతాలను కూడి ‘మొత్తం’ అని రాయడం మామూలైపోయింది కనుక ఇది చెప్పవలసి వచ్చింది. రెండూ వాడేవారిని విడిగా చూపడానికి అంతకంటే బలమైన కారణం కూడా ఉంది. పొగ తాగడానికి వీలులేని పనిచోట నమిలి, బయటికి వచ్చాక కాల్చేవారికి నికోటిన్ రోజంతా అందుతూనే ఉంటుంది; వారు మానడం మిగిలినవారికంటే కష్టం.

చదువు, ఆదాయం విషయానికి వస్తే దిశ స్పష్టమే: చదువు పెరిగేకొద్దీ, ఇంటి ఆర్థిక స్థితి మెరుగయ్యేకొద్దీ పొగాకు వాడకం మెట్టు మెట్టుగా తగ్గుతుంది. గ్రామాలలో 32.5 శాతం, పట్టణాలలో 21.2 శాతం అనే తేడాలో కూడా చాలా భాగం చదువు, వృత్తుల తేడాయే. కానీ ఈ మెట్లు అన్ని ఉత్పత్తులకూ ఒకే వాలుతో ఉండవు. బీడీ, ఖైనీ, నాటు పొగాకు విషయంలో వాలు చాలా నిటారుగా ఉంటుంది. సిగరెట్టు విషయంలో అది దాదాపు చదునుగా మారుతుంది, కొన్నిచోట్ల తిరగబడుతుంది కూడా. ఎందుకంటే సిగరెట్టు కొనాలంటే డబ్బు కావాలి. రోజుకూలీ చేసే మనిషి సిగరెట్టు తాగకపోవడం అతని ఆరోగ్య స్పృహను చూపదు, అతని జేబును చూపుతుంది. మీ సర్వేలో పేదల వాడల్లో సిగరెట్టు తక్కువగా తేలిందని, అక్కడ అవగాహన పెరిగిందని రాసిన వాక్యాన్ని దయచేసి తీసివేయండి.

బీడీ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆదాయానికీ పొగాకుకూ ఉన్న సంబంధం అక్కడ రెండు వైపులా కనిపిస్తుంది. బీడీ తాగేవాడూ పేదవాడే, చుట్టేదీ పేదరాలే. నిజామాబాదు, కామారెడ్డి, జగిత్యాల, కరీంనగర్, సిద్దిపేట ప్రాంతాలలో ఇంట్లో కూర్చుని చేటలో తునికాకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుట్టేది ఎక్కువగా స్త్రీలే. వారిలో చాలామంది ఏనాడూ బీడీ నోట పెట్టుకోనివారు. మీ సర్వేలో వారు ‘పొగాకు వాడనివారు’ గడిలోకి వెళ్తారు, అది సరైనదే. కానీ పొగాకు దుమ్ము వారి ఊపిరిలోకీ, నికోటిన్ వారి చర్మం ద్వారా ఒంట్లోకీ వెళ్తూనే ఉంటాయి, అదే గదిలో పిల్లలు నిద్రపోతుంటారు. 1976లో బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం వచ్చింది. తెలంగాణ ప్రభుత్వం ఆసరా పింఛన్లలో బీడీ కార్మికులకు కూడా జీవన భృతి ఇస్తోంది. ఈ ఉపాధి కారణంగానే బీడీ మీద పన్ను పెంచాలనే మాట వచ్చినప్పుడల్లా రాజకీయంగా వెనకడుగు పడుతుంది. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు సిగరెట్టు మీద 28 శాతానికి పైన పరిహార సుంకం కూడా వేశారు, బీడీ మీద ఆ సుంకం వేయలేదు. 2025 సెప్టెంబరులో జీఎస్టీ మండలి బీడీ మీద పన్నును 28 నుంచి 18 శాతానికి తగ్గించాలని నిర్ణయించింది. పర్యవసానంగా పేదవాడి పొగ ఇంకా చవకగా ఉంటుంది, సిగరెట్టు ధర పెరిగినప్పుడు మానేయవలసినవాడు కొంతవరకు బీడీకి దిగుతాడు. బీడీ చిన్నది కనుక హాని తక్కువనే నమ్మకం మాత్రం నిరాధారం. తునికాకు తొందరగా ఆరిపోతుంది కనుక తాగేవాడు మాటిమాటికీ గట్టిగా పీల్చవలసి వస్తుంది, తారు, కార్బన్ మోనాక్సైడ్ అంతకంతకూ లోపలికి వెళ్తాయి.

మీరు పనిచేస్తున్నది ఉత్తరాంధ్ర తీరంలో కనుక అడ్డపొగ గురించి తప్పక అడగాలి. చుట్టను వెలిగించి, నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చే ఈ అలవాటు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాలలో, ముఖ్యంగా మత్స్యకార కుటుంబాలలో, వ్యవసాయ కూలీలలో, పురుషులకంటే స్త్రీలలో ఎక్కువగా ఉండేది. ముంబయిలోని టాటా మౌలిక పరిశోధనా సంస్థకు చెందిన ఫాలీ మెహతా, ప్రకాశ్ గుప్తా ప్రభృతులు డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు జెన్స్ పిండ్‌బోర్గ్‌తో కలిసి శ్రీకాకుళం జిల్లా గ్రామాలలో చేసిన పరిశీలన 1971లో వెలువడింది. వారు పరీక్షించిన 10,169 మందిలో 43.8 శాతం మంది అడ్డపొగ తాగేవారే. నోటి క్యాన్సర్ ప్రపంచంలో చాలాచోట్ల నాలుక మీదా బుగ్గలోనూ వస్తుంటే ఇక్కడ అంగిలి మీద రావడానికి కారణం ఇదే. నిప్పు వేడీ, పొగా నేరుగా అంగిలికి తగులుతాయి. గాలికి చుట్ట ఆరిపోదనీ, ఎక్కువసేపు వస్తుందనీ, బూడిద మీద పడదనీ తాగేవారు చెబుతారు. పని చేసుకుంటూ రెండు చేతులూ ఖాళీగా పెట్టుకోవడానికి కూడా అది వీలైన పద్ధతి. నలుగురిలో పొగ తాగే స్త్రీని తప్పుపట్టే సమాజంలోనే ఈ స్త్రీలను ఎవరూ వింతగా చూడలేదు. స్త్రీలు పొగ తాగరు అనే సూత్రం మీ జిల్లాలోనే ఇలా తప్పింది.

తరువాతి దశాబ్దంలో ఆ పరిశోధకులే శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాలలో 36,000 మంది పొగాకు వినియోగదారులతో మరో అధ్యయనం చేశారు. ఒక్కొక్కరితో విడిగా మాట్లాడి, నోరు పరీక్షించి, ఆ ప్రాంతపు అలవాటుకు తగినట్టు నచ్చజెప్పితే కొందరు మానడమే కాక క్యాన్సర్‌కు ముందు నోట్లో కనిపించే మార్పులు కూడా తగ్గుతాయని అది చూపించింది. ముఖ్యమైనది ఏమిటంటే ఆ మూడు జిల్లాల అలవాట్లు మూడు రకాలు. ఒకచోట చుట్ట, ఒకచోట తమలపాకుతో పొగాకు, ఇంకొకచోట బీడీ, నమిలే పొగాకు. ప్రచారాన్ని కూడా దానికి తగ్గట్టే మార్చారు. 1970ల నాటి ఆ జాగ్రత్త ఇప్పటి మన గోడపత్రికలలో కనిపించదు. చుట్ట తాగే ముసలమ్మ ఇంటి గోడ మీద కూడా సిగరెట్టు బొమ్మ మీద అడ్డగీతే కనిపిస్తుంది.

చదువే అన్నిటికీ మందు అని అనుకోకుండా ఉండటానికి మిజోరాం ఉదాహరణ మంచిది. అక్షరాస్యతలో దేశంలోనే ముందు వరుసలో ఉన్న ఆ రాష్ట్రంలో, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, పురుషులలో 72.9 శాతం, స్త్రీలలో 61.6 శాతం పొగాకు వాడుతున్నారు. అక్కడ తుయిబుర్ అని పొగాకు పొగను నీటిలోంచి పంపి తయారుచేసిన నీరు దొరుకుతుంది. దాన్ని నోట్లో పోసుకుని కాసేపు ఉంచుకుంటారు. అది ఆతిథ్యంలో భాగం, స్త్రీలకు నిషిద్ధం కాదు. మరోవైపు పంజాబులో సిక్కు మతం పొగాకును నిషేధించడం వల్ల గ్యాట్స్ రెండవ విడతలో మొత్తం వాడకం 13.4 శాతమే. ఆదాయం, అక్షరాస్యత అంకెలు మాత్రమే ముందు పెట్టుకుని ఈ రెండు రాష్ట్రాలను ఎవరూ అంచనా వేయలేరు. మన దగ్గర కూడా కులాన్ని, మతాన్ని, వృత్తిని వదిలేసి చదువు, ఆదాయం రెండింటితోనే అన్నీ వివరించాలని చూసే విశ్లేషణలు ఇలాగే పక్కదారి పడతాయి. షెడ్యూల్డ్ కులాలు, తెగలలో వాడకం ఎక్కువగా తేలినప్పుడు దాన్ని ‘వారి అలవాటు’గా రాయకుండా, వారు చేసే పని ఏమిటో, ఆ పనిచోట ఆకలినీ అలసటనూ మరిపించడానికి ఏది దొరుకుతుందో కూడా రాయాలి. రాత్రంతా లారీ నడిపేవాడికి, ఇటుకబట్టీలో పనిచేసేవాడికి ఖైనీ పొట్లం చేసే పని అదే.

వయసు దగ్గర చాలామంది తడబడతారు. మీ సర్వేలో అరవై దాటినవారిలో చుట్ట, పొగాకు కాడ ఎక్కువగా, ఇరవై ఏళ్ళవారిలో దాదాపు శూన్యంగా తేలితే, దాని అర్థం వయసు పెరిగితే జనం చుట్టకు మారతారని కాదు. అది ఒక తరం అలవాటు, ఆ తరంతోనే తగ్గిపోతోంది. అయితే ఆ తరం పోయినంత మాత్రాన ఆ ఇంట్లో పొగాకు పోయిందనుకోకూడదు. అమ్మమ్మ చుట్ట తాగిన ఇంట్లో మనవడి జేబులో గుట్కా, పాన్ మసాలా పొట్లాలు ఉంటాయి. గుట్కా మీద ఆహార భద్రతా నిబంధనల కింద 2012 నుంచి ఒక్కొక్క రాష్ట్రమే నిషేధం పెట్టుకుంటూ వచ్చింది. తయారీదారులు అందుకు జవాబుగా పాన్ మసాలాను ఒక పొట్లంలోనూ, పొగాకును ఇంకొక పొట్లంలోనూ వేరువేరుగా అమ్మడం మొదలుపెట్టారు. కొన్నవాడు రెండూ అరచేతిలో కలుపుకుంటాడు. ‘గుట్కా వాడతారా’ అని అడిగితే లేదని నిజాయితీగానే చెబుతాడు. వక్క ఎక్కువగా ఉండే ఈ రకాల వల్ల నోరు తెరుచుకోకుండా బిగుసుకుపోయే సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ యువకులలోనే మొదలవుతుంది కనుక ప్రశ్నను రెండు పొట్లాలకూ విడివిడిగా వేయాలి.

మొత్తం మీద యువతలో తగ్గుదల నిజమే. గ్యాట్స్ రెండు విడతల ప్రకారం 15 నుంచి 24 ఏళ్ళవారిలో వాడకం 2009-10లో 18.4 శాతం ఉండగా 2016-17 నాటికి 12.4 శాతానికి తగ్గింది, మొదలుపెట్టే సగటు వయసు 17.9 నుంచి 18.9కి పెరిగింది. కానీ 2019లో 13 నుంచి 15 ఏళ్ళ బడిపిల్లల మీద జరిగిన జాతీయ సర్వేలో మగపిల్లలలో 9.6 శాతం, ఆడపిల్లలలో 7.4 శాతం ఏదో ఒక పొగాకు వాడుతున్నారని తేలింది. పెద్దవారిలో స్త్రీపురుషుల మధ్య మూడు రెట్లున్న తేడా ఇక్కడ ఎంత సన్నగా ఉందో చూడండి. ఈ ఆడపిల్లలు పెద్దయ్యాక వారి తల్లుల లెక్కలలోకి ఒదిగిపోతారా, లేక లెక్కలనే మారుస్తారా అన్నది రాబోయే సర్వేలలో చూడవలసిన ప్రశ్న.

ఈ-సిగరెట్టు గురించి మీ విద్యార్థులు ఉత్సాహంగా ప్రశ్నలు రాశారని చెప్పారు. అడగండి, కానీ దానికి నాలుగు పేజీలు కేటాయించకండి. గ్యాట్స్ నాటికి దాని గురించి విన్నవారే 3 శాతం, వాడేవారు 0.02 శాతం. 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సు ద్వారా, డిసెంబరులో చట్టం ద్వారా తయారీ, అమ్మకం, దిగుమతి, ప్రకటనలను నిషేధించారు. నిషేధం తరువాత కూడా నగరాలలో దొంగచాటుగా దొరుకుతున్నది. కొనేవారు ఎక్కువగా డబ్బున్న కుటుంబాల యువత. అంటే దీని వాలు బీడీకి నేరుగా వ్యతిరేక దిశలో ఉంటుంది. చట్టవిరుద్ధమైన సరుకు గురించి కళాశాలలో చేతికి కాగితం ఇచ్చి పేరు రాయమంటే ఎవరూ నిజం చెప్పరు కనుక, పేరు లేని పత్రాలు వాడి, వాటిని మూసిన పెట్టెలో వేయించండి. అమెరికా వెళ్ళిన మన విద్యార్థులకు మాత్రం ఇది రోజూ కళ్ళముందు ఉండే వస్తువు. అక్కడ యువత వేపింగ్ (ఈ-సిగరెట్టు పీల్చడం) వైపు మళ్ళగా, సిగరెట్టు తక్కువ చదువు, తక్కువ ఆదాయం ఉన్నవారి దగ్గర ఎక్కువగా మిగిలింది. మన దగ్గర బీడీకి ఉన్న స్థానం అక్కడ సిగరెట్టుకు ఉంది.

ఇప్పుడు కొలత గురించి. ఒకే ప్రశ్నకు రెండు జాతీయ సర్వేలు రెండు జవాబులు ఇస్తున్నాయని మీరు గమనించే ఉంటారు. గ్యాట్స్ ప్రకారం పొగాకు వాడే స్త్రీలు 14.2 శాతం, పైన చెప్పిన 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే (అది అయిదవ విడత) ప్రకారం 8.9 శాతం. మధ్యలో గడిచిన మూడు నాలుగేళ్ళ తగ్గుదల కొంత ఉండవచ్చు, కానీ పద్ధతి తేడా కూడా చిన్నది కాదు. గ్యాట్స్ ఇంటికి ఒకరిని యాదృచ్ఛికంగా ఎంచుకుని ఆ మనిషినే నేరుగా అడుగుతుంది, ఉత్పత్తులను పేరుపేరునా చదువుతుంది. 15 ఏళ్ళు దాటినవారందరికీ కలిపి కుటుంబ ఆరోగ్య సర్వే ఇచ్చే అంకె మాత్రం ఇంటి ప్రశ్నావళి నుంచి వస్తుంది. అందులో ఇంట్లో ఒకరు అందరి గురించీ చెబుతారు. కోడలి గురించి అత్తగారు, కొడుకు గురించి తండ్రి చెప్పే సమాధానం ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనవసరం లేదు. అదే సర్వే ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో 3.8 శాతం, తెలంగాణ స్త్రీలలో 5.6 శాతం అని చెబుతుంది. ఆ అంకెలను కనిష్ఠ హద్దుగా తీసుకుని మీ ఫలితాన్ని పోల్చండి. మీ సర్వేలో స్త్రీలను ఎవరు అడిగారు, ఎక్కడ అడిగారు, పక్కన ఎవరున్నారు అన్న వివరాలను పద్ధతుల విభాగంలో తప్పక రాయాలి. వీలైతే కొంతమందినైనా స్త్రీ పరిశోధకులతో, విడిగా, మళ్ళీ అడిగించండి. అడిగేటప్పుడు ఆ ఊరి కొట్లో దొరికే పొట్లాలు, చుట్ట, పళ్ళపొడి డబ్బా ఒక సంచిలో తీసుకెళ్ళి చూపిస్తే సమాధానాలు ఎంత మారతాయో మీరే చూస్తారు.

ఈ తేడాలు ఆసుపత్రి గదిలోకి కూడా వస్తాయి. గ్యాట్స్ రెండవ విడతలో, వైద్యుడి దగ్గరకు వెళ్ళిన పొగ తాగేవారిలో 48.8 శాతం మందికి మానమనే సలహా దొరికింది. పొగ రాని పొగాకు వాడేవారిలో 31.7 శాతం మందికే దొరికింది. మనం రోగిని అడిగే ప్రశ్న ‘సిగరెట్టు, మందు అలవాటు ఉందా’ అన్నదే కావడం ఇందుకు ముఖ్య కారణమని నా అభిప్రాయం. పొట్లాల మీది బొమ్మల హెచ్చరికలూ అంతే. పెట్టె మీద 85 శాతం భాగాన్ని హెచ్చరికలు ఆక్రమించాలనే నియమం 2016 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చింది. ఆ హెచ్చరిక చూసి మానాలని ఆలోచించినవారు సిగరెట్టు తాగేవారిలో 61.9 శాతం, బీడీ తాగేవారిలో 53.8 శాతం, పొగ రాని పొగాకు వాడేవారిలో 46.2 శాతం. సరుకు చవకైనకొద్దీ హెచ్చరిక పట్టు సడలుతోంది. బీడీ కట్ట మీద, నలిగిన చిన్న పొట్లం మీద బొమ్మ సరిగ్గా పడదు. లంకల్లో పండిన పొగాకును కాడలుగా కొనుక్కుని చుట్ట చుట్టుకునేవారికి అసలు పెట్టే లేదు. 2008 అక్టోబరు 2 నుంచి కట్టుదిట్టమైన బహిరంగ ధూమపాన నిషేధం కూడా పొగ వచ్చే సరుకులకే వర్తిస్తుంది. చట్టాలన్నీ మంచివే, కానీ వాటి బలం అంతా పట్టణపు చదువుకున్న సిగరెట్టు వినియోగదారుడి దగ్గర పూర్తిగా, అట్టడుగున ఉన్నవారి దగ్గర సగంగా పనిచేస్తుంది. అందుకే మొత్తం వాడకం తగ్గుతున్నా ధనిక, పేద తేడా తగ్గడం లేదా అన్న ప్రశ్నను విడిగా వేయాలి.

విశ్లేషణకు వస్తే, మీరు పంపిన నమూనా పట్టికలో స్త్రీపురుషులు ఒక వరుస, చదువు ఒక వరుస, ఆదాయం ఒక వరుస, అన్నిటికీ ఎదురుగా ‘పొగాకు: అవును, కాదు’ అని ఉంది. దాన్ని మార్చండి. నిలువు గడులలో సిగరెట్టు, బీడీ, చుట్ట (మామూలుగా, అడ్డపొగగా విడివిడిగా), నమిలే పొగాకు, ఖైనీ, గుట్కా లేదా రెండు పొట్లాల మిశ్రమం, ముక్కుపొడి, పళ్ళపొడి, ఈ-సిగరెట్టు, పొగ వచ్చేదీ రానిదీ రెండూ వాడేవారు అని ఉండాలి. అడ్డంగా స్త్రీలలో చదువు, పురుషులలో చదువు వేరుగా చూపాలి. రెండింటినీ కలిపి ‘చదువు ప్రభావం’ అని ఒకే అంకె ఇస్తే స్త్రీల చిత్రం పురుషుల చిత్రం కింద మునిగిపోతుంది. చదువు, ఆదాయం, వృత్తి మూడింటినీ ఒకేసారి ఒకే గణాంక నమూనాలో (మోడల్‌లో) వేసి, ఆదాయానికి ప్రాధాన్యం లేదని తేలితే ఆనందించకండి. అవి మూడూ ఒకదానిలోంచి ఒకటి పుట్టేవి. చదువు వల్ల పని, పని వల్ల ఆదాయం వస్తున్నప్పుడు చివరిదాన్ని సరిచేసి, అంటే దాని ప్రభావాన్ని లెక్కలోంచి తీసివేసి, మొదటిదాని బలాన్ని కొలవడం సరికాదు. ముందు ఒక్కొక్కదాన్ని విడిగా, వయసుతో సరిచేసి చూపండి. మీ సర్వేలో అడ్డపొగ తాగేవారు పదిమందో పదిహేనుమందో వస్తే శాతాలు వేయకుండా సంఖ్యలే రాయండి, వారి నోరు పరీక్షించిన ఫలితాన్ని పక్కనే ఇవ్వండి.

చివరగా, ఇంటింటికీ తిరిగేటప్పుడు మానాలని ఉందని చెప్పేవారు తప్పక తారసపడతారు. గ్యాట్స్‌లో పొగ తాగేవారిలో 55.4 శాతం, పొగ రాని పొగాకు వాడేవారిలో 49.6 శాతం ఆ మాట అన్నారు. వారిని సర్వే అంకెగా మాత్రమే రాసుకుని రాకుండా జాతీయ సహాయవాణి 1800-11-2356 నంబరు ఇవ్వండి, అంగిలి మీదగానీ బుగ్గలోగానీ తెల్లటి మచ్చ కనిపిస్తే మీ కళాశాల దంత విభాగానికి చీటీ రాసి పంపండి. ఆ చీటీల నకళ్ళను ఉత్పత్తులవారీగా విడదీసి ఉంచండి. రెండవ విడత సర్వేకు వెళ్ళేటప్పుడు ఏ వాడలో దేని గురించి అడగాలో అవి చెబుతాయి.